కరపత్రంలో నేను వదులుకున్న వాక్యం

ఇలాంటి జ్ఞాపకాలను సాధారణంగా ముప్పై అయిదేళ్ల సర్వీసు ముగించి, శాలువా కప్పించుకుని ఇంటికి చేరినవారు రాస్తారు. నేను పనిచేసింది ఆరేళ్లు. శాలువా లేదు, వీడ్కోలు సభ లేదు. గుర్తింపు కార్డు రిసెప్షన్‌లో అప్పగించి మెట్రో ఎక్కి వచ్చేశాను. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. రేడియోగ్రఫీ కోర్సులో కొత్తగా చేరిన మా కాలేజీ పిల్లలు కొందరు మొన్న నన్ను కలిసి, "అక్కా, అంత మంచి ఉద్యోగం ఎందుకు మానేశావ్?" అని అడిగారు. వాళ్ల ముందు మాట దాటవేశాను. దాటవేయడం నాకు చేతనైన విద్య; మూడేళ్లు కాలేజీ డిబేట్ జట్టులో ఉన్నదాన్ని. ఇక్కడ మాత్రం దాటవేయను.

మా స్కానింగ్ సెంటర్ దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాలకు ఆనుకునే ఉండేది. కింద చీరల దుకాణం, పైన బ్యాంకు పరీక్షల కోచింగ్, మధ్య అంతస్తులో మేము. సీటీ గదిలో మేం ఇద్దరం. నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడైన సీనియర్ టెక్నీషియన్ గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడినవాడు. నన్ను పేరుపెట్టి పిలిచింది తక్కువ. "ఏమ్మా డిబేటూ, ఇవాళ ఎవరిమీద కేసు?" అనేవాడు.

మా సెంటర్‌లో వర్చువల్ కొలనోస్కోపీ మొదలుపెట్టిన ఏడాది సంగతి ఇది. పెద్దపేగులోకి పొడవాటి కెమెరా గొట్టం పంపకుండా, పేగును గ్యాస్‌తో ఉబ్బించి సీటీలో చిత్రాలు తీసి, కంప్యూటర్‌లో పేగు లోపలి గోడలను చూసే పరీక్ష అది. రోగులకు దాని గురించి ఏమీ తెలియదు. ఏం జరుగుతుందో ముందుగా చెప్పే కరపత్రం ఒకటి తెలుగులో కావాలని మేనేజర్ అన్నాడు. నేను ముందుకొచ్చాను. రోగికి తెలుసుకునే హక్కు ఉందన్నది నా వాదం. హక్కు అనే మాటను అప్పట్లో నేను చాలా ఎక్కువగా వాడేదాన్ని.

వారం రోజులు రాశాను. రెండు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, గింజలున్న పండ్లు మానాలని. ముందురోజు విరేచనాల మందు తాగి పేగును ఖాళీ చేసుకోవాలని. మిగిలిన మలం చిత్రంలో తెల్లగా కనబడి గడ్డలతో కలిసిపోకుండా ఉండేందుకు ఇంకో ద్రవం తాగాలని. మత్తు ఇవ్వరని, వేలంత సన్నటి గొట్టాన్ని మలద్వారంలో కొద్ది దూరమే ఉంచుతారని, వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి స్కాన్ తీస్తారని, అరగంటలో ఇంటికి పోవచ్చని. ఇవన్నీ రాశాక, సెంటర్ వాళ్లు రాయడానికి ఇష్టపడనివి కూడా రాశాను: ఇందులో రేడియేషన్ ఉంటుంది, మరీ చిన్న గడ్డలు కనిపించకపోవచ్చు, ఏదైనా కనిపిస్తే అసలు కొలనోస్కోపీ ఎలాగూ చేయించుకోవాలి. చివర్లో ఒక వాక్యం చేర్చాను.

"గ్యాస్ నింపినప్పుడు గాలి పోవాలనిపిస్తుంది, కొంత బయటికి పోతుంది కూడా. అది అందరికీ జరిగేదే, యంత్రం మళ్లీ నింపుకుంటుంది, సిగ్గుపడి పరీక్ష ఆపవద్దు."

నిజానికి ఈ వాక్యం నాది కాదు, సీనియర్‌ది. కాకపోతే ఆయన దాన్ని రాసేవాడు కాదు, పాడేవాడు. గొట్టం అమర్చాక ప్రతి రోగితోనూ, "చూడండీ, లోపల నుంచి సంగీతం వస్తే ఆపుకోకండి. ఈ గదిలో గోడలక్కూడా అలవాటే. మొన్న ఒక హెడ్మాస్టరు గారు పూర్తి కచేరీ చేసి వెళ్లారు" అనేవాడు. రోగులు పగలబడి నవ్వేవాళ్లు. ఆ నవ్వులో మొదటి గాలి ఏదో అక్కడే పోయేది. నాకు అది అసహ్యంగా తోచేది. రోగి గౌరవాన్ని హాస్యంతో తగ్గించకూడదని నా నమ్మకం.

కరపత్రం మీద మేనేజర్ గదిలో సమావేశమైంది. మేనేజర్ సరూర్‌నగర్ మనిషి, తొందరపాటు ఎక్కువ. కాగితం మీద వేలు పెట్టి అన్నాడు:

"మేడం, గీ రేడియేషన్ ముచ్చట ఎందుకు? చదివినోడు పరేషానై ఒక్కడన్న ఒస్తడా?"

"రాకపోయినా పర్వాలేదు సార్. తెలియకుండా రావడం తప్పు."

"చిన్నయి కనవడవు అని రాస్తిరి. మన దుకాణం మనమే బంద్ చేసుకున్నట్టు గాదా?"

అరగంట వాదించాను. ఒక్కో పాయింటుకు రెండు కారణాలు చెప్పాను. చివరికి ఆయన అలిసిపోయి కరపత్రంలో చివరి వాక్యం దగ్గరికి వచ్చాడు.

"సరే. అయన్ని ఉంచుకోండ్రి. గని గీ గాలి లైన్ ఏంది మేడం? రిసెప్షన్ల బల్ల మీద పెడ్తం. ఆడోళ్లు, పిల్లలు, ఫ్యామిలీలొస్తరు. జర ఇజ్జత్ ఉండాలె గదా. ఇదొక్కటి తీసేయిండ్రి, మిగతాదంతా మీ ఇష్టం."

సీనియర్ కుర్చీలో ముందుకు జరిగాడు. "ఆ ముక్క ఉంచండి సార్. మిగతావి తీసేసినా నష్టం లేదు గానీ, అది ఉండాలి."

డిబేట్‌లో మాకు నేర్పిన మొదటి ఎత్తుగడ ఇది: చిన్నదాన్ని ఒప్పుకుని పెద్దదాన్ని గెలువు. ప్రత్యర్థికి గౌరవంగా వెనక్కి తగ్గే దారి ఇవ్వు. నేను కలం తీసి ఆ వాక్యాన్ని అక్కడికక్కడే కొట్టేశాను. అంతటితో ఆగినా బాగుండేది. పనిలో పనిగా, రోగుల మీద వేసే జోకుల గురించి కూడా మాట్లాడాలని అన్నాను. అది వృత్తికి తగదన్నాను. బదులుగా ఒక పద్ధతి ప్రతిపాదించాను: పెద్దవాళ్లను నంబరుతోనో, పేరుతోనో కాకుండా ఇంట్లోవాళ్లను పిలిచినట్టు పిలుద్దాం. అమ్మా, బాపూ, తాతా. మనిషికి ధైర్యం వస్తుంది.

"మంచిగుంది గిది," అన్నాడు మేనేజర్.

సీనియర్ నావైపు చూసి, "సరేనమ్మా, ఇవాళ్టి నుంచి కచేరీలు బంద్" అన్నాడు. మాట తప్పలేదు. మళ్లీ ఎవరి ముందూ ఆ హెడ్మాస్టరు ప్రస్తావన తేలేదు.

ఆ సాయంత్రం నేను గెలిచానని అనుకుంటూ ఇంటికి వెళ్లాను.

రెండు నెలలకు ఒక పెద్దాయన ఆ పరీక్షకు వచ్చాడు. అరవై దాటిన మనిషి, అల్మాస్‌గూడలో ఇల్లు, సొంతూరు నల్లగొండ పక్కన. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లూ బత్తాయి వేలంలో పాట పాడినవాడు. కుప్ప మీద నిలబడి రేటు అరిస్తే బయట రోడ్డు మీది కండక్టర్లకు వినిపించేదట. మార్కెట్ ఊరవతలికి తరలిపోయాక ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఆయన అన్నయ్య పేగు క్యాన్సర్‌తో పోయాడు. తమ్ముడిగా ఆయన కూడా పరీక్ష చేయించుకోవాలని ఎల్బీనగర్‌లో డాక్టర్ చెప్పారు. గుండెలో స్టెంట్ ఉండి రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నందువల్ల, ముందు మా పరీక్ష చేయించమన్నారు. వెంట భార్య వచ్చింది.

వెయిటింగ్ హాల్లో ఆ గొంతు విన్నాను. "నిన్నంతా గంప లేపిన కోడి లెక్క ఉరికిన తల్లీ బాత్రూంకు. గా మందు తయారుచేసినోడు దొరికితే వానికే తాపుతా." హాలంతా నవ్వింది. ఎదురుగా కూర్చున్న పోచంపల్లి చీరల వ్యాపారి తన వంతు కూడా అదేనని గుర్తొచ్చి నవ్వు ఆపేశాడు.

నేను తలుపు తెరిచి, "రా బాపూ" అన్నాను.

ఆయన ముఖం మారిపోయింది. లేచి, లుంగీ సర్దుకుని, భార్యతో, "ఇన్నవా? బాపు అంటున్నది. ఇద్దరు కొడుకులాయె మనకు, బిడ్డ లేకపాయె. దవాఖానల దొరికింది" అన్నాడు.

తెర వెనుక గొట్టం అమర్చింది సీనియరే. మగవాళ్లకు ఆయన, ఆడవాళ్లకు నేను. అదయ్యాక, ఎల్బీనగర్ రింగు దగ్గర బైకు మీది నుంచి పడిన ఇద్దరిని పక్క గదికి ఎక్స్‌రేకు తెచ్చారు. సీనియర్ అటు వెళ్లాడు. వెళ్లేముందు తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఏదో అనబోయి, నన్ను చూసి, అనలేదు. అది ఏమిటో అప్పుడు నేను ఆలోచించలేదు.

వెల్లకిలా స్కాన్ బాగానే సాగింది. గ్యాస్ నిండుతుంటే మైకులో ధైర్యం చెప్పాను. "ఇంకొంచెమే బాపూ. బాగా చేస్తున్నావు." తర్వాత బోర్లా తిప్పడానికి లోపలికి వెళ్లాను. మొదటి భంగిమలో నీరు నిలిచి మూసుకుపోయిన పేగు భాగం రెండో భంగిమలో విచ్చుకుంటుంది. అందుకే రెండూ కావాలి. ఆయన సగం పక్కకు తిరిగాడు. అక్కడ ఆగిపోయాడు. బల్ల అంచును రెండు చేతులతో పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట.

"సాలు బిడ్డా. ఇగ నాతోని గాదు."

"నొప్పిగా ఉందా బాపూ?"

ఒక క్షణం నా ముఖం చూశాడు. "ఆ. నొప్పే. మస్తు నొప్పి."

మీరు ఏ వృత్తిలో ఉన్నా ఈ చోట ఆగి చూడండి. ఏమైంది అని నేను అడగలేదు. జవాబును ప్రశ్నలో పెట్టి ఆయన చేతికి అందించాను. డిబేట్‌లో ప్రత్యర్థి ఇలా అడిగితే న్యాయనిర్ణేత వైపు తిరిగి అభ్యంతరం చెప్పేదాన్ని.

నియమం ప్రకారం మూడుసార్లు అడిగాను: ఆపమంటావా, నిజంగా ఆపమంటావా, ఆపితే పరీక్ష సగమే అవుతుంది, ఆపమంటావా. మూడుసార్లూ ఆపమన్నాడు. ఆపాను. ఫారంలో "రోగి రెండవ భంగిమకు నిరాకరించారు" అని రాసి సంతకం చేశాను. ఇష్టం లేని మనిషిని బలవంతపెట్టే సిబ్బందిని నేను చాలామందిని చూశాను. వాళ్లలో నేను లేనందుకు ఆరోజు నాకు గర్వంగా కూడా ఉంది. ఆయన గొట్టం తీయించుకుని, బాత్రూంలోకి దాదాపు పరుగెత్తి, చాలాసేపటికి బయటికి వచ్చి, నావైపు చూడకుండా వెళ్లిపోయాడు.

చిత్రాలు చదివే డాక్టర్ రిపోర్టులో స్పష్టంగానే రాసింది. పరీక్ష ఒకే భంగిమలో జరిగింది. పేగు చివరి భాగం సరిగా విచ్చుకోలేదు. కనిపించినంతలో గడ్డలు లేవు. మళ్లీ పరీక్ష చేయించడం మంచిది. అన్నీ ఇంగ్లీషులో, ఒకే పేరాలో.

పది రోజులకు ఆయన ఒక సంచి నిండా బత్తాయిలతో వచ్చాడు. "రిపోర్ట్ మంచిగొచ్చింది బిడ్డా. ఏం లేవన్నరు. చిన్నోడు చదివి చెప్పిండు."

"లేవని కాదు బాపూ, చూసినంతలో లేవని. మళ్లీ చేయించుకోమని కింద రాశారు."

"అట్లనా."

"ఎందుకు చేయించుకోవు? నొప్పి భయమా? ఈసారి ముందే సూది ఇస్తారు."

"నొప్పికి భయపడ్తనా నేను? బత్తాయి లారీ కాలు మీదికెల్లి పోయినప్పుడే ఏడ్వలె."

"మరి ఆరోజు నొప్పన్నావు కదా?"

పట్టుకున్నాననుకున్నాను. రెండు జవాబుల మధ్య వైరుధ్యం చూపి నిలబెట్టడం నా అలవాటు. ఆయన బత్తాయిలను సంచిలోంచి తీసి కౌంటర్ మీద ఒక్కొక్కటిగా పెట్టాడు. అన్నీ పెట్టేశాక, "ఇగ జూద్దం బిడ్డా. రసం తీసుకొని తాగు, ఎండలున్నయి" అని వెళ్లిపోయాడు. వైరుధ్యం అక్కడే, ఆ కౌంటర్ మీద, బత్తాయిల పక్కన ఉంది. దాని వెనకాల ఏముందో అడగాలని నాకు తోచలేదు. వాదనలో నెగ్గితే పని అయిపోయినట్టేనని అనుకునే మనిషిని నేను.

ఏడాదిన్నర గడిచింది.

ఆ ఉదయం జాబితాలో కడుపు స్కాన్‌కు ఆయన పేరు కనిపించింది. కారణం గడిలో డాక్టర్ రాసిన మాట చదివాను: పేగు క్యాన్సర్, కాలేయానికి పాకిందా అన్న అనుమానం. హాల్లోకి వెళ్లాను. గోడ పక్క కుర్చీలో ఉన్న మనిషిని ఆయన అని పోల్చుకోవడానికి పక్కన ఉన్న భార్యను చూడాల్సి వచ్చింది. చేతిలో మందు కలిపిన నీళ్ల సీసా. గంటసేపట్లో అది కొద్దికొద్దిగా తాగాలి. నన్ను చూసి చెయ్యి ఎత్తాడు. హాల్లో ఎవరూ నవ్వడం లేదు.

ఆయన భార్య నా వెనకాలే వరండాలోకి వచ్చింది. కర్మన్‌ఘాట్ గుడి కుంకుమ నుదుటి మీద ఆరిపోయి ఉంది.

"మొన్న చెప్పిండు బిడ్డా," అంది. "గా దినం నొప్పి లేకుండెనంట."

ఆమె గోడకు ఆనుకుంది.

"పక్కకు తిరుగంగనే గాలి ఒచ్చేటట్టయిందంట. ఆడివిల్ల, నన్ను బాపు అని పిలిచింది, దాని ముంగట ఎట్ల ఇడువాలె, శరం గాదా, అన్నడు." ఆమె కొద్దిగా నవ్వింది కూడా. "బజార్ల బూతులు మాట్లాడుకుంట బతికిన మనిషి. ఇంట్ల మా ముంగట ఏనాడు శరమన్నది లేదు. నీ ముంగట్నే ఒచ్చింది, చూడు." ఆ తర్వాత కొంగుతో నోరు మూసుకుంది. నా మీద కోపం లేదు ఆమెకు. ఉంటే నేను జవాబు వెతుక్కునేదాన్ని.

చిత్రాలు చదివే డాక్టర్‌కు ఫోన్ చేశాను. "అప్పటికే అది అక్కడ ఉండి ఉంటుందా మేడం?" అని అడిగాను. ఆమె పాత ఫైలు తెరిచి చూసినట్టుంది. "ఉండే ఉంటుంది. విచ్చుకోని చోటే కదా ఇప్పుడు దొరికింది. బోర్లా పడుకుని ఉంటే బహుశా కనిపించేది. కచ్చితంగా చెప్పలేను." వైద్యంలో నిజాయితీపరులు ఇలాగే మాట్లాడతారు. బహుశా అనే మాటలో దాక్కోవచ్చు. నేను ప్రయత్నించాను, సరిపోలేదు.

హాల్లో ఆయన తాగే మందునీళ్లు పూర్తికావడానికి ఇంకా అరగంట ఉంది. మేనేజర్ గదికి వెళ్లాను. కరపత్రంలో ఆ వాక్యం తిరిగి పెట్టాలన్నాను. కారణాలు చెప్పడానికి సిద్ధపడ్డాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుని వచ్చాను కూడా.

ఆయన ఫోన్‌లోంచి తలెత్తలేదు. "గాలి లైనా? పెట్టుకోండ్రి మేడం, ఏమైతది? ఎట్లగు కొత్తయి అచ్చు కొట్టిస్తున్నం గదా."

నా కారణాలు ఎవరికీ అవసరపడలేదు. ఆనాడు ఇంకో అయిదు నిమిషాలు కూర్చుని ఉంటే ఆయన ఇదే మాట అనేవాడు. ఆ అయిదు నిమిషాలను నేను మర్యాద చేసి ఆయనకు బహుమతిగా ఇచ్చాను.

సీటీ గది దగ్గర సీనియర్ ఎదురయ్యాడు. ఆయనకూ తెలిసింది. ఆరోజు తలుపు దగ్గర ఆగి ఏమనబోయారని అడిగాను.

"ఇంకేముందమ్మా, హెడ్మాస్టరు గారి కథే," అన్నాడు. "నోటిదాకా వచ్చింది. నువ్వు బాధపడతావని మింగాను." చేతులకు గ్లవ్స్ తొడుక్కుంటూ, "నువ్వు కూర్చో, ఈ కేసు నేను చూస్తాను" అన్నాడు.

"వద్దు సార్" అన్నాను. అది ధైర్యం కాదు. చెయ్యకపోతే ఇంకా చిన్నదాన్నవుతానని భయం.

ఆయనను బల్ల మీదికి ఎక్కించడానికి ఇద్దరం చెయ్యి వేయాల్సి వచ్చింది. బరువుకు కాదు, ఆయన ఒంట్లో సత్తువ లేక. చేతిలో సూది అమర్చి, మందు ఎక్కేటప్పుడు ఒంట్లో వేడిగా అనిపిస్తుందని, మూత్రం వస్తున్నట్టు అనిపించినా రాదని చెప్పాను. అన్నీ చెప్పాను. ఒక్కటి కూడా వదల్లేదు. "మీరు కదలకుండా పడుకోండి. చెప్పినప్పుడు ఊపిరి బిగపట్టండి" అన్నాను. మీరు, పడుకోండి, పట్టండి. ఆ పాత పిలుపు నా నోటికి రాలేదు. దానికి అర్హత లేదనిపించిందో, అదే ఆయనను ఇక్కడిదాకా తెచ్చిందనిపించిందో, ఇప్పటికీ తేల్చుకోలేదు.

గాజు కిటికీ ఇవతలికి వచ్చి కూర్చున్నాను. మైకు నొక్కేలోపే లోపలి నుంచి ఆ గొంతు వచ్చింది. మార్కెట్ అంతా వినిపించిన గొంతు, ఇప్పుడు స్పీకర్ సాయంతో కూడా సరిగ్గా వినిపించడం లేదు.

"ఏంది బిడ్డా, ఇయ్యాల బాపు అంటలెవ్వు?"

నేను బటన్ నొక్కాను.

"బాపూ. ఊపిరి పీల్చి, బిగపట్టు."

బల్ల కదిలింది. తెర మీద చిత్రాలు ఒక్కొక్కటిగా దిగుతున్నాయి. కాలేయం దగ్గరికి వచ్చేసరికి, జబ్బు అక్కడికి పాకిందని తెలియడానికి నాకు డాక్టర్ అక్కర్లేకపోయింది. అంత నీరసంలోనూ ఆయన ఛాతీ కదల్లేదు. చివరి చిత్రం పడేదాకా, వదలమని నేను చెప్పేదాకా, పట్టే ఉంచాడు.